అన్యభాషలూ, అర్థం చెప్పేవాళ్లూ

ప్రార్థన చేసేవాడికి తన ప్రార్థన అర్థం కావాలా? తనకే అర్థం కాని మాటలతో దేవుణ్ణి పిలిచే మనిషిలో నిజాయితీ వుందనవచ్చునా? పైకి ఇది మతానికి మాత్రమే సంబంధించిన ప్రశ్నలా కనపడుతుంది. కొంచెం లోతుకు పోతే మాటకూ మనిషికీ వున్న సంబంధాన్ని గురించిన ప్రశ్న అని తేలుతుంది. అంచేత సాహిత్యాన్ని గురించి ఆలోచించేవాళ్లూ, సమాజం మారాలని కోరేవాళ్లూ దీన్ని పక్కకు నెట్టడానికి వీల్లేదు.

సత్తుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో, ముఖ్యంగా మాల మాదిగ పేటల్లో, రేకుల కప్పు వేసిన చిన్న చిన్న ప్రార్థన మందిరాలు కనిపిస్తాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి ప్రార్థనకు చేరతారు. పాటా, డప్పూ, చప్పట్లూ జోరందుకున్న తరవాత ఒక్కొక్కప్పుడు ఒక గొంతు మామూలు మాటల గట్టు తెంచుకుంటుంది. అక్షరాలు వరసగా దొర్లుకుంటూ వస్తాయి. అది తెలుగు కాదు, కోయ కాదు, ఇంగ్లీషూ కాదు. విశ్వాసులు వీటిని ‘అన్యభాషలు’ అంటారు. ఫలానా ఆమెకు ‘భాషలు వచ్చాయి’ అని చెప్పుకుంటారు. పరిశుద్ధాత్మ ఆ మనిషిలో నుంచి మాట్లాడుతున్నదని వాళ్ల నమ్మకం.

దీన్ని చూసిన మన విద్యార్థులు సాధారణంగా రెండు విధాలుగా స్పందిస్తారు. కొందరు నవ్వుతారు. మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరికొందరు ఎవరి నమ్మకం వాళ్లది, మనకెందుకు అని మర్యాదగా తప్పుకుంటారు. నవ్విన వాళ్లు ఆ మనిషిని చూడలేదు. తప్పుకున్న వాళ్లు ఆ మనిషిని తమతో సమానంగా భావించలేదు. ఎందుకంటే, సమానుడనుకున్న వాడితో మనం వాదిస్తాం. ఈ రెంటిలో ఏదీ విమర్శ అనిపించుకోదు.

ముందు సంగతేమిటో తెలుసుకోవాలి. క్రైస్తవ గ్రంథంలోనే ఈ విషయం రెండు చోట్ల రెండు రకాలుగా వుంది. అపొస్తలుల కార్యాల రెండో అధ్యాయంలో, పెంతెకొస్తు పండగనాడు యెరూషలేములో, యేసు శిష్యులు మాట్లాడుతుంటే దేశదేశాల నుంచి వచ్చిన యూదులు ఎవరి భాషలో వాళ్లు విన్నారని కథ. మాట్లాడినవాళ్లు గలిలయ పల్లెటూళ్ల వాళ్లు. రాజధానిలో వాళ్ల యాసను ఇట్టే పసిగట్టేవాళ్లు. యేసును పట్టుకుపోయిన రాత్రి పేతురును బయటపెట్టింది అతని యాసే. తెలంగాణ యాసను సినిమాలు ఏళ్ల తరబడి రౌడీకీ హాస్యగాడికీ కేటాయించడం చూసిన మనకు ఈ వివరం బోధపడకపోదు. యాసకు నవ్విన పట్నం ఆ యాసవాళ్ల మాట విని అర్థం చేసుకున్నదనేదే ఆ కథలోని అద్భుతం. అక్కడ ప్రధానం అర్థం కావడం.

రెండోది గ్రీసులోని కొరింథు సంఘం. అక్కడ భాషలు పలికేవాళ్లున్నారు గాని వినేవాళ్లకు బోధపడేది కాదు. ఆ సంఘానికి రాసిన మొదటి ఉత్తరం పద్నాలుగో అధ్యాయంలో పౌలు ఈ తగువును తీర్చడానికి పూనుకున్నాడు. ఆయన భాషలను నిషేధించలేదు. తనకూ ఆ వరం వుందని చెప్పుకున్నాడు. కాని సభలో పదివేల మాటలు ఎవరికీ తెలియని భాషలో పలకడం కన్న తెలివితో నలుగురికీ పనికొచ్చే అయిదు మాటలు పలకడం మేలన్నాడు. అర్థం చెప్పేవాడు లేకపోతే సభలో వూరుకోవాలనీ, తనలోనూ దేవుడితోనూ మాట్లాడుకోవాలనీ కట్టడి చేశాడు. ఇప్పటి మందిరాల్లో వినపడేది ఈ కొరింథు రకమే.

ఇది నిజంగా ఏదైనా భాషేనా? ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక పరీక్ష జరిగింది. 1906లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో అజూసా వీధి అనేచోట పెద్ద ప్రార్థనోద్యమం లేచింది. తొలినాళ్ల పెంతెకొస్తు విశ్వాసులు తమకు వచ్చినవి పరదేశాల భాషలేననీ, మతప్రచారానికి ఇక భాష నేర్చుకునే పని లేదనీ నమ్మారు. ఆల్ఫ్రెడ్ గార్ అనే బోధకుడు తనకు బెంగాలీ వచ్చిందని నమ్మి, అజూసా నుంచి భార్యతో సహా కలకత్తాకు వచ్చాడు. 1907లో అక్కడ తేలింది, అది బెంగాలీ కాదని. ఆయన తన నమ్మకాన్ని వదులుకోలేదు. దుబాసీని పెట్టుకుని బోధించాడు. కాని ‘భాషలు’ అనే మాటకున్న సూటి అర్థం మాత్రం అక్కడ నిలబడలేదు. 

తరవాత విలియం సమారిన్ అనే భాషాశాస్త్రవేత్త చాలా దేశాల్లో ఈ పలుకులను సేకరించి 1972లో పుస్తకం ప్రకటించాడు. పలికేవాళ్లు తమ మాతృభాషలోని ధ్వనులనే ఏరి, మార్చి, మళ్లీ మళ్లీ కూరుస్తారనీ, లయా ఏరసా వుంటాయి గాని పదానికీ పదార్థానికీ కట్టుబాటుండదనీ ఆయన తేల్చాడు. పలికేవాళ్లు మతి చెడినవాళ్లు కారని కూడా ఆయనే చెప్పాడు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా ప్రార్థించే అయిదుగురు స్త్రీల మెదళ్లను పరిశీలించారు. మనసును అదుపులో వుంచే ముందు భాగాల్లో, భక్తిపాట పాడేటప్పటికన్న ఈ ప్రార్థనలో, రక్తప్రసారం తగ్గింది. అయిదుగురు చాలా తక్కువ సంఖ్య. అయినా నోరు తమ అదుపులో లేదని వాళ్లు చెప్పే మాట నటన కాకపోవచ్చునని దాన్నిబట్టి అనుకోవచ్చు.

హేతువాది ఇక్కడితో కాగితం మడిచేస్తాడు. భాష కాదని తేలింది గనక విషయం అయిపోయిందంటాడు. నాకు విషయం ఇక్కడే మొదలవుతుంది. భాష కాకపోతే మరేమిటి? అందరినీ వదిలి అది వీళ్లకే ఎందుకింత అవసరమయింది?

పలికినవాళ్లెవరో చూడండి. అజూసా వీధి సభలకు నాయకుడు విలియం సేమూర్, బానిసలుగా బతికి విడుదలైన తల్లిదండ్రుల బిడ్డ. ఈ సిద్ధాంతాన్ని ఆయన నేర్చుకున్నది చార్లెస్ పార్హమ్ అనే తెల్లబోధకుడి దగ్గర. నల్లవాడు గనక హ్యూస్టనులో ఆ తరగతి గదిలో కూర్చోనివ్వలేదు. గుమ్మం బయట కూర్చుని విన్నాడు. అలాంటి మనిషి ఏడాది తిరక్కుండా, ఒకప్పుడు గుర్రాలశాలగా వాడిన పాత భవనంలో, నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒక్కచోట మోకరిల్లజేశాడు. పత్రికలు వెక్కిరించాయి. తెల్లా నల్లా కలిసిపోవడం పార్హమ్‌కే సహించలేదు.

మన దేశంలో అంతకు ముందే, 1905లో, పూనా దగ్గర కేడ్గావ్‌లోని ముక్తి ఆశ్రమంలో ఇలాంటి ప్రార్థనోద్యమం లేచింది. తరవాతి రెండేళ్లలో అక్కడా భాషలు వినపడ్డాయి. అక్కడున్నది కరువుల్లో దిక్కులేనివాళ్లయిన ఆడపిల్లలూ, బాలవితంతువులూ. నోరెత్తితే అపశకునం అనిపించుకున్న పిల్లలు గొంతెత్తి ప్రార్థించారు.

ఇక మన వైపు రండి. సత్తుపల్లికి ఉత్తరాన, భద్రాచలం దాటి గోదావరి పక్కన దుమ్ముగూడెం వుంది. అక్కడ 1860ల నుంచి ఆంగ్లికన్ మిషనరీలు కోయల మధ్య పనిచేశారు. వాళ్లలో జాన్ కెయిన్ కోయభాష నేర్చి దాన్ని గురించి రాశాడు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో సువార్త భాగాలు కోయలోకి వచ్చాయి. దక్షిణాన, చింతలపూడి మీదుగా పోతే ఏలూరు వస్తుంది. కేరళలోని కుంబనాడు కేంద్రంగా పెరిగిన ఇండియా పెంతెకొస్తు సంఘం చట్టప్రకారం 1935లో రిజిస్టరయింది ఏలూరులోనే. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసుగారు లూథరన్ సంఘం నుంచి విడివడి బైబిలు మిషను స్థాపించారు. దర్శనాలకూ, స్వస్థతలకూ, భాషలకూ అందులో చోటుంది. ఈ రెండూ తెల్లదొరల పెత్తనం కింద లేని సంఘాలు. తెల్లవాడి పుస్తకం చదివి, తెల్లవాడి పద్ధతిలో క్రమంగా లేచి కూర్చునే ఆరాధన మనవాళ్లకు చాలలేదని ఇక్కడ స్పష్టంగా కనపడుతుంది.

ఎందుకు చాలలేదు? ఈ ప్రాంతపు పేదవాడికి అర్థమయ్యే మాటల అనుభవం ఎలాంటిదో గమనిస్తే తెలుస్తుంది. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కోయగూడెంలో పుట్టిన పిల్ల బడికి పోతే తన ఇంటి భాష అక్కడ భాష కిందికే రాదు. ఆమె తండ్రి పోడు భూమి కోసం అర్జీ పెట్టాలంటే తన గోడు తెలుగులో చెప్పాలి. ఆ తెలుగును ఇంకొకడు ఆఫీసు తెలుగులోకి మార్చి రాయాలి. ఆ కాగితంలో ఏముందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. అంటే, తనకు అర్థం కాని భాషలో మొరపెట్టుకోవడం ఆ మనిషి తాసీల్దారు ఆఫీసులోనే నేర్చుకున్నాడు. తేడా ఒక్కటే. ఆఫీసులో ఆ మొర ఆలకించేవాడు లేడు. మందిరంలో ఆలకించేవాడున్నాడని నమ్మకం.

పేటలోని క్రైస్తవుడి సంగతి మరీ విచిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమయింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి లేదు. అంచేత ఎందరో కాగితం మీద ఒక మతంగానూ బతుకులో మరో మతంగానూ వుంటున్నారు. సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. అంటరానితనం మతం మారినంత మాత్రాన పోలేదని వూరందరికీ తెలుసు. చట్టానికే తెలియదు. తన పేరూ తన మతమూ అర్థమయ్యే భాషలో నిజంగా చెబితే పిల్లవాడి స్కాలర్‌షిప్పు పోయే చోట, మనిషికి మాట మీద ఎలాంటి గౌరవం మిగులుతుంది? అర్థం లేని పలుకులో ఒక సుఖముంది. అందులో అబద్ధం ఆడటం సాధ్యం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. గుళ్లో పూజారి చదివే సంస్కృత మంత్రం మాత్రం భక్తుడికి అర్థమవుతుందా? రోమను కథోలికులు 1960ల దాకా లాటిన్‌లో పూజ చేయలేదా? అర్థం కాకపోవడం అన్ని మతాల్లోనూ వున్నదే గదా అంటారు. నిజమే. కాని రెంటికీ పెద్ద తేడా వుంది. మంత్రానికి అర్థముంది. ఆ అర్థం కొందరి సొత్తు. పండిత రమాబాయి తండ్రి తన భార్యకు సంస్కృతం నేర్పినందుకు పండితుల ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అన్యభాషకు అర్థం ఎవరి దగ్గరా లేదు గనక అది ఎవరి సొత్తూ కాదు. దాన్ని పలకడానికి కులం అక్కరలేదు, చదువు అక్కరలేదు, మగవాడై వుండనక్కరలేదు. సభలో ఆడవాళ్లు వూరుకోవాలన్న మాట పౌలు రాసిన అదే పద్నాలుగో అధ్యాయంలో వుంది. ఆ కట్టును ఆడవాళ్లు తెంచింది కూడా ఆ అధ్యాయంలోని భాషలతోనే. ఇది చిన్న సంగతి కాదు.

అయితే దీనికి ఆమె చెల్లించిన వెల కూడా చిన్నది కాదు. ఆమె గొంతుకు విలువ వచ్చింది, అది ఆమె గొంతు కాదన్న షరతు మీద. మాట్లాడేది ఆత్మ, ఆమె కాదు. మన జాతరల్లో పూనకం వచ్చిన ఆడమనిషి ముందు పెద్ద కులాలవాళ్లు చేతులు కట్టుకుంటారు. సికిందరాబాదు మహంకాళి బోనాలలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ మాటను మంత్రులు కూడా తలవంచుకుని వింటారు. అమ్మవారు దిగిపోగానే ఆమె మళ్లీ మామూలు మనిషి. ఆమె కోపం అమ్మవారి ఖాతాలో జమ అయింది. ఆమె పేరు మీద ఏమీ మిగల్లేదు. భాషలు వచ్చిన కూలిమనిషి సంగతీ అంతే. రాత్రి ఆత్మ పూర్ణురాలు. తెల్లవారి మేస్త్రీ ముందు కూలి పెంచమని అడగడానికి ఆ రాత్రి గొంతు ఆమెకు తోడు రాదు. పీడితుడి నిట్టూర్పుగా మతాన్ని మార్క్సు 1844లో గుర్తించాడు. నల్లమందు ప్రసక్తి ఆ వెంటనే వస్తుంది. మనవాళ్లు ఆ రెండోదే కంఠస్థం చేశారు. నిట్టూర్పు నిజమైనదే. నిట్టూర్పు వల్ల భారం కొంత దిగుతుంది గాని మోసే మూట దిగదు.

ఇంతవరకూ పలికే మనిషిని గురించి చెప్పాను. నీతి ప్రశ్న అసలు బిగుసుకునేది అర్థం చెప్పేవాడి దగ్గర. అర్థం లేని పలుకులో అబద్ధం ఇమడదని పైన అన్నాను. ఆ అబద్ధం అనువాదంలో ఇముడుతుంది. ఆమె ఏవో అక్షరాలు పలికింది. వేదిక మీది మనిషి మైకు పుచ్చుకుని, దేవుడు ఇలా సెలవిస్తున్నాడని అచ్చ తెలుగులో చెబుతాడు. ఫలానా ఇంట్లో పాపముంది, ఫలానా వారు కానుక బాకీ వున్నారు, ఫలానా బిడ్డకు మందులు మానేసి ప్రార్థన చేయించండి అంటాడు. ఆ తర్జుమా తప్పని ఎవరు రుజువు చేయగలరు? మూలం ఎవరికీ తెలియదు. ప్రపంచంలో ఏ దుబాసీకీ లేనంత స్వేచ్ఛ అతనికుంది. అందరూ ఇలా చేస్తారని అనడం అన్యాయం. పేదల మధ్య పేదగా బతికి, రోగిని ఆసుపత్రికి మోసుకుపోయి, తాగుడు మాన్పించిన బోధకులున్నారు. కాని మంచివాడి చేతిలో కూడా ఆ అధికారానికి అదుపు లేదు. అదుపు లేని అధికారాన్ని మంచితనం మీద నమ్మి వదలకూడదని మతం బయట మనకు తెలిసినప్పుడు, మతం లోపల ఆ సూత్రం ఎందుకు చెల్లదు?

విశ్వాసి దీనికి ఒక గట్టి జవాబు చెప్పగలడు. ‘మీరు సభ సంగతి చెబుతున్నారు. నా ప్రార్థన నాకూ దేవుడికీ మధ్య. బిడ్డ చచ్చిన తల్లి ఏడుపుకు వ్యాకరణం అడుగుతారా? నా దుఃఖానికి మాటలు చాలనప్పుడు ఈ పలుకులు వస్తాయి. అర్థం నాకు తెలియకపోయినా ఎవరితో పలుకుతున్నానో తెలుసు’ అంటాడు. ఈ జవాబులో నిజముంది. దేవుణ్ణి నమ్మనివాడు కూడా దీన్ని ఒప్పుకోవాలి. మనిషి మాటకన్న ముందు గొంతు వుంది. జోలపాటలోనూ, నాటువేసే ఆడవాళ్ల పాటలోనూ అర్థం లేని అక్షరాలు ఎన్నో వున్నాయి. వాటిని పాడినందుకు ఎవరూ వాళ్లను తప్పు పట్టరు. మొదట వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. తన కోసం చేసుకునే ప్రార్థనలో అర్థం లేకపోయినా నిజాయితీ వుండవచ్చు. కాని ఆ పలుకును ఆధారం చేసుకుని ఇంకొక మనిషిని ఆజ్ఞాపించిన క్షణాన, ఇంకొకరి డబ్బూ ఆరోగ్యమూ దానితో ముడిపడిన క్షణాన, అది ఏకాంత ప్రార్థన కాదు. ఆజ్ఞ అర్థమయ్యే భాషలో వుండాలి, ప్రశ్నకు లోబడాలి. పౌలు గీసిన గీతా ఇంచుమించు ఇక్కడే వుంది. ఆయన దాన్ని సంఘం మేలు కోసం గీశాడు. మనం మనిషి స్వేచ్ఛ కోసం గీస్తాం.

ఈ గీతను బతుకంతా పాటించిన మనిషి పండిత రమాబాయి. ముక్తి ఆశ్రమం ఆమెదే. అక్కడి పిల్లలకు భాషలు వచ్చినప్పుడు ఆమె వెక్కిరించలేదు, అణచలేదు. అలాగని భాషలు రాని విశ్వాసి తక్కువవాడన్న సిద్ధాంతాన్నీ ఒప్పుకోలేదు. ఆమె తన చివరి సంవత్సరాలను వెచ్చించింది వేరే పనికి. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, బైబిలు మొత్తాన్ని సామాన్య స్త్రీలకు బోధపడే తేలిక మరాఠీలోకి తెచ్చింది. ఆశ్రమంలోని ఆడవాళ్లే దాన్ని అచ్చు వేశారు. 1922లో ఆమె పోయిన తరవాత పుస్తకం పూర్తిగా వెలువడింది. సంస్కృత పాండిత్యానికి కలకత్తా పండితుల చేత బిరుదులు పొందిన మనిషి, తన చుట్టూ అర్థం కాని పలుకులు మారుమోగిన చోటే కూర్చుని, అర్థమయ్యే మాట కోసం ఇంత శ్రమపడింది. గొంతు విడివడ్డ పిల్లకు చదువు కూడా కావాలని ఆమెకు తెలుసు.

తెలుగులో ఈ పని చేసినవాడు గిడుగు రామమూర్తిగారు. వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడిన గిడుగును మనం ఏటా తలుచుకుంటాం. అదే మనిషి పర్లాకిమిడి కొండల్లోని సవరల భాష నేర్చి, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించడానికి పూనుకుని, 1931లో సవర వ్యాకరణమూ 1938లో నిఘంటువూ వెలువరించిన సంగతిని అంతగా తలుచుకోం. ఆయనకు ఆ రెండూ ఒకే పని. ఎవడి నోట్లో మాట వాడికి దక్కాలి, ఆ మాటకు బడిలోనూ కచేరీలోనూ విలువ వుండాలి. భద్రాచలం అడవి అంచున మనకు కావలసింది ఇలాంటి పనే.

అన్యభాషలను ఎగతాళి చేసే మన మిత్రులు తమ సభలను కూడా ఒకసారి తలుచుకోవడం మంచిది. గతితర్కమూ ఉపరితలమూ పునాదీ అంటూ గంటసేపు సాగే ఉపన్యాసాన్ని ముందు వరసలో కూర్చున్న కూలిమనిషి భక్తితో వింటుంది. చప్పట్లు కొట్టే చోట చప్పట్లు కొడుతుంది. తరవాత ఒక నాయకుడు లేచి, ప్రజలు ఏమి కోరుతున్నారో చెబుతాడు. ఆమె ఏమి కోరుతున్నదని ఎవరూ ఆమెను అడగరు. ప్రజల మాటకు అర్థం చెప్పే హక్కు తమకే వుందనుకునేవాళ్లు మందిరంలోనే వున్నారనుకోవడం పొరపాటు.

మూఢనమ్మకం మీద ఉపన్యాసాలు ఎన్ని ఇచ్చినా ఈ ప్రార్థనలు ఆగవు, ఆపవలసిన పనీ మనది కాదు. అర్థమయ్యే మాటకు చోటు దొరికేలా చూడటం మన పని. చట్టంలో ఇప్పటికే కొంత చోటు వుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో, కాగితాలు లేనిచోట వూరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకున్నారు. అంటే మాట చెల్లుతుందని చట్టమే అన్నది. ఆ మాటను గ్రామసభలో కోయలోనే చెప్పనిచ్చి, చెప్పింది చెప్పినట్టు రాసి, రాసింది తిరిగి చదివి వినిపించేవాడు కావాలి. చదువుకున్న కోయ యువకులు ఆ పనికి ముందుకు రావాలి. వాళ్ల వెంట మన విద్యార్థులు పోవాలి. ‘ఈ పోడు మా తాత కొట్టింది’ అన్న మాటలు లెక్కకు అయిదే. ఒక ముసలి కోయమనిషి వాటిని తన భాషలో తన పేరు మీద పలికి, ఆఫీసరు చేత వినిపించుకోగలిగిననాడు, ఆమె రాత్రి మందిరానికి పోతుందో మానుతుందో ఆమె ఇష్టం.